నీళ్లలోకి ఎప్పుడు దిగొచ్చు?

మునిసిపాలిటీ ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పే టీచరును అందరూ చేపమ్మ అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది పిల్లలు కాదు, ఆమె నాన్న. ఆయన కొలనుకు నీళ్లు పట్టే పంపుల దగ్గర ఆపరేటరు. జనం రాకముందే కూతుళ్లిద్దరినీ వెంటబెట్టుకుని వచ్చి, నీళ్లలో వదిలి, తన పనిలో తను పడిపోయేవాడు. పెద్దది మెట్టు మెట్టుకూ ఆగి, చలి అని గొణిగి, అప్పుడు దిగేది. దిగాక మాత్రం కుదురుగా, చప్పుడు లేకుండా ఈదేది. చిన్నదానికి దిగడమే తెలుసు, ఎక్కడం తెలియదు. పెదాలు నీలం తిరిగినా బయటికి వచ్చేది కాదు. దీనికి మొప్పలున్నాయేమో చూడండ్రా అని ఆయన తోటి పనివాళ్లతో అనేవాడు. పెళ్లీడు వచ్చాక చుట్టాలు సంబంధాల మాటెత్తితే, దాన్ని ఎప్పుడో నీళ్లకిచ్చి చేశాం అని నవ్వి ఊరుకునేవాడు. ఆ అల్లుడే ఖాయమన్నట్టు ఆమె కూడా పెళ్లి ఊసెత్తలేదు.

అక్కాచెల్లెళ్లిద్దరూ ఆ కొలనులోనే టీచర్లయ్యారు. పొద్దున్న ఆడవాళ్ల తరగతి అక్కది, సాయంత్రం పిల్లల తరగతి చేపమ్మది. అక్క కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన్ని చేసుకుంది. ఆ బావకు నీళ్లంటే ఎంత భయమంటే, బకెట్టు నిండా పట్టుకుని స్నానం చేస్తే మునిగిపోతానేమోనని చెంబుతోనే సరిపెట్టుకుంటాడని మరదలు ఏడిపించేది. మధ్యాహ్నం కొలను మూసినప్పుడు అక్కాచెల్లెళ్లిద్దరూ పక్కపక్కన వెల్లకిలా తేలుతూ కబుర్లు చెప్పుకునేవాళ్లు. చెవులు నీళ్లలో ఉండటంతో ఒకరి మాట ఒకరికి సగమే వినబడేది. ఆ సగానికే ఇద్దరూ జవాబులిచ్చుకునేవాళ్లు. ఇంటి విషయాలు, ఒంటి విషయాలు, బావ మీద ఫిర్యాదులు, అన్నీ అలా సగం సగంగానే సాగేవి. ప్రపంచంలో అంత హాయి మరొకటి ఉంటుందని చేపమ్మకు ఎప్పుడూ తోచలేదు.

తర్వాత అక్కకు పెద్దపేగులో కాన్సరు బయటపడింది. ఆ రోజుల్లో దానికి ఒకటే ఆపరేషను. బొడ్డు పైనుంచి కిందిదాకా పొట్ట కోసి, చెడిన ముక్క తీసి, మిగిలిన పేగు కొసలు రెండూ కలిపి కుట్టేవారు. అక్క బతికి ఇంటికి వచ్చింది. కొన్నాళ్లకు తేరుకుని వంట చేసింది, బజారుకు వెళ్లింది, బావతో పోట్లాడింది. నీళ్లలోకి మాత్రం దిగలేదు. మధ్యాహ్నాలు కొలను దగ్గరికి వచ్చి, గట్టు మీద కూర్చుని, పాదాలు నీళ్లలో పెట్టి ఆడించేది. రావే అక్కా అని చెల్లెలు పిలిస్తే, ఇప్పుడు కాదులే అనేది. చెల్లెలు ఒక్కతే తేలేది. గట్టు మీంచి అక్క చెప్పేది ఈమెకు వినబడేది కాదు, నీళ్లలోంచి ఈమె చెప్పేది అక్కకు వినబడేది కాదు.

మూడు నాలుగేళ్లు అలా గడిచాక జబ్బు కాలేయంలో తిరగబెట్టింది. అక్క పోయింది. ఆ కోతే అక్క ఒంట్లో సత్తువ తీసేసి నీళ్లకు కాకుండా చేసిందని చేపమ్మ మనసులో ముద్ర పడిపోయింది. జబ్బు ప్రాణం తీసింది, సరే. ఆ చివరి ఏళ్లలో ఉన్న ఒక్క సుఖాన్నీ తీసింది మాత్రం కత్తేనని ఆమె నమ్మకం. అక్క పోయాక ఆమె కొలనులో అటూ ఇటూ ఈదేది, పాఠాలు చెప్పేది. వెల్లకిలా మాత్రం తేలేది కాదు. పక్కన ఎవరూ లేకుండా ఆకాశం చూడటం ఆమెవల్ల కాలేదు.

ఏళ్లు తిరిగాయి. యాభై దాటాక ఆమెకూ మలంలో రక్తం పడటం మొదలైంది. మూలశంక అనుకుని కొన్నాళ్లు తోసిపుచ్చింది. పిల్లలకు కాళ్లాడించడం చూపిస్తుంటే ఆయాసం వచ్చి గట్టు పట్టుకోవాల్సి వచ్చిన రోజున బావ దగ్గరికి వెళ్లి చెప్పింది. ఆయన చేతిలో స్క్రూడ్రైవరు అలాగే పట్టుకుని, దుకాణం షట్టరు దించి, ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లాడు. గొట్టం వేసి చూశారు, ముక్క తీసి పరీక్షకు పంపారు. అక్కకు వచ్చిందే. అక్కకు ఎక్కడ వచ్చిందో దానికి కాస్త పక్కన.

ఆపరేషను డాక్టరు నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఎదుటివాళ్లు మాట పూర్తిచేసేదాకా ఆగేవాడు. గడ్డ ఇంకా పేగు గోడ దాటలేదని, తీసేస్తే బతికే అవకాశం బాగా ఉందని చెప్పాడు. ఆ తర్వాత ఇంకో సంగతి చెప్పాడు. పొట్టను బారుగా కోయకుండా, నాలుగైదు చిన్న కన్నాలు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా, మిగతావాటిలోంచి సన్నటి పనిముట్లు పంపి, టీవీలో చూస్తూ చేసే పద్ధతి వచ్చింది. పిత్తాశయానికి అలా చేయడం అప్పటికే మామూలైపోయింది. పేగు కాన్సరుకు అది ఎంతవరకు మంచిదో మాత్రం తేలలేదు. త్వరగా కోలుకుంటారని కొందరు డాక్టర్లు అంటున్నారు. జబ్బు కణాలు ఆ కన్నాల్లోనే అంటుకుని మళ్లీ మొలుస్తాయేమోనని కొందరు భయపడుతున్నారు. అందుకని కొన్ని ఆసుపత్రులు కలిసి పరీక్షిస్తున్నాయి. ఒప్పుకున్నవాళ్లలో సగంమందికి పాత పద్ధతి, సగంమందికి కొత్తది. ఎవరికి ఏదన్నది డాక్టరు చేతిలో ఉండదు, రోగి చేతిలోనూ ఉండదు. కంప్యూటరు చీటీ తీసినట్టు తీస్తుంది.

చేపమ్మకు చివరి మాటలు సరిగ్గా ఎక్కలేదు. చిన్న కన్నాలు అన్న దగ్గరే మనసు ఆగిపోయింది. మధ్యాహ్నపు కొలను, కదలని నీళ్లు, గట్టు మీద ఎవరూ కూర్చోనక్కర్లేని రోజులు ఆమె కళ్లముందు నిలిచాయి.

"నాకు కొత్తదే చెయ్యండి" అంది.

"అలా ఎంచుకోడానికి లేదమ్మా. పరీక్షలోకి రాకపోతే మామూలుగా చేసే పెద్ద కోతే చేస్తాను. వస్తే, ఏది పడితే అది."

"ఏది మంచిదో మీకే తెలియకుండా నన్నెలా కోస్తారు?"

డాక్టరు నీళ్లు నమల్లేదు. "రెండూ చెయ్యడం నాకు బాగా వచ్చు. రెంటిలో ఏది మనిషికి మేలో చెప్పమంటే మాత్రం, తెలుసని అబద్ధం చెప్పలేను. అది తెలుసుకోడానికే ఇదంతా."

బయటికి వచ్చాక ఆమె బావతో అంది, పరీక్షలోకి వెళ్తే సగం ఆశ ఉంది, వెళ్లకపోతే అదీ లేదు, ఇంక ఆలోచించేదేముందని. మీ అక్కకు ఆ సగం కూడా దొరకలేదు అన్నాడు బావ. మర్నాడే వచ్చి సంతకం పెట్టింది.

పరీక్ష వ్యవహారాలు చూసే నర్సు ఒకామె ఉండేది. రబ్బరు బూట్లు వేసుకుని పిల్లిలా వచ్చి పక్కన నిలబడేది. ఆపరేషను అయ్యాక కూడా, నీకు చేసింది ఏదో నీకు కొన్నాళ్లు చెప్పం అంది ఆమె. ఏ పద్ధతి అయినా సరే, పొట్ట మొత్తం కప్పేలా ఒకే రకం పెద్ద కట్టు కడతారు. వార్డులో చూసుకునే నర్సులకు కూడా లోపల ఏముందో తెలియదు. తెలిస్తే చిన్న కోత అనుకున్నవాళ్లు హుషారుగా లేస్తారు, పెద్ద కోత అనుకున్నవాళ్లు పడుకునే ఉంటారు, అప్పుడు తేడా కోతదో మనసుదో ఎలా తెలుస్తుంది అని వివరించింది. చేపమ్మకు అది సబబుగానే తోచింది. కానీ తన పొట్ట మీద ఏముందో తనకు తెలియకుండా పడుకోవడం ఎంత కష్టమో పడుకున్నాకగాని తెలియలేదు.

మత్తు దిగి కళ్లు తెరిచేసరికి కట్టు ఉంది. రొమ్ముల కిందనుంచి తొడల దాకా తెల్లగా, దళసరిగా. నొప్పి ఉంది కానీ భరించరానంత లేదు. అక్క ఆపరేషనైన మర్నాడు ఎలా మూలిగిందో ఆమెకు గుర్తే. దానితో పోలిస్తే ఇదెంత? చిన్న కన్నాలే, సందేహం లేదు అనుకుంది. ఆ సంతోషంలో, నర్సులు లేవమన్న వెంటనే లేచి మంచం పట్టె పట్టుకుని నిలబడింది.

పక్క మంచంలో ఉన్నావిడది ఇస్త్రీ దుకాణం. ఆవిడా అదే పరీక్షలో చేరింది, ఆపరేషనూ ఒక రోజు తేడాలో అయింది. మనిషి భారీ, గొంతు అంతకంటే భారీ. మూలిగితే వార్డు ఆ చివరికి వినబడేది. నన్ను గోనెసంచీ చీల్చినట్టు చీల్చారు, నాది పెద్ద కోతే, మా ఆయన పేరున పందెం అంటూ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. వార్డు నర్సులు నవ్వి, మాకూ తెలియదు అనేవాళ్లు. మీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుసు, మా దుకాణంలో చొక్కా ఎవరిదో నాకు తెలియకపోతే జనం ఊరుకుంటారా అని ఆవిడ దెబ్బలాడేది. ఆవిడ చేత నడిపించడానికి ఇద్దరు నర్సులు కావాల్సి వచ్చేది. చేపమ్మ మాత్రం చిరునవ్వుతో వరండా ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేది. నడుస్తూ, చేతులు ఆడించకుండానే, మనసులో ఈదేది. కిటికీలోంచి ఆసుపత్రి నీళ్ల ట్యాంకు కనబడేది. దాని మీద పావురాలు దిగినప్పుడల్లా వాటి మీద అసూయ పుట్టేది.

బావ రోజూ వచ్చేవాడు. పళ్లరసం తెచ్చి, మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఏం మాట్లాడాలో తోచక మంచం చక్రాల నట్లు బిగించేవాడు. నాది చిన్నదే బావా, నాకు తెలిసిపోతోంది అని ఆమె గుసగుసగా చెబితే, తలూపేవాడు.

కట్టు విప్పే రోజు వచ్చింది. డాక్టరు, రబ్బరు బూట్ల నర్సు ఇద్దరూ వచ్చారు. మొదట ఇస్త్రీ ఆవిడ మంచం చుట్టూ తెర లాగారు. తర్వాత ఆవిడ గొంతు, మొదటిసారి చిన్నగా, ఇంతేనా అని వినబడింది. నాలుగు కన్నాలు, ఒకటి కాస్త పెద్దది, అంతే. తర్వాత చేపమ్మ వంతు. నర్సు కట్టు అంచులు తడిపి నెమ్మదిగా లాగింది. చేపమ్మ తల ఎత్తి చూసుకుంది.

బొడ్డు పక్కనుంచి బారుగా, ఎర్రగా, కోతను కలిపి బిగించిన పిన్నుల వరస. అక్క పొట్టే. బట్టలు మార్చుకునే గదిలో అక్క అటు తిరిగి నిలబడి దాచుకున్న గీత, ఇప్పుడు తన ఒంటి మీద ఉంది. చెయ్యి దానంతటదే వెళ్లి ఆ గీత పక్కన ఆగింది. నీళ్ల మీద పెట్టుకున్న ఆశకు ఆ క్షణాన నీళ్లొదులుకుంది.

ఆమె ఏడవలేదు. డాక్టరే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మీరు వార్డులో అందరికంటే ముందు లేచి నడిచారు అన్నాడు. చిన్న కోత అనుకుని నడిచాను అంది ఆమె. నడిచింది మాత్రం ఈ కోతతోనే కదమ్మా అన్నాడాయన. ఆ మాట ఆమెకు అప్పుడు చెవికెక్కలేదు. ఎన్నాళ్లనుంచో కడుపులో ఉన్నది అడిగింది.

"ఇంక నేను నీళ్లలోకి దిగలేనా?"

"ఎందుకు దిగలేరు? పిన్నులు తీసి, గాయం పూర్తిగా మూసుకున్నాక దిగొచ్చు. నెలా నెలన్నరకు వచ్చి చూపించండి. మొదట ఊరికే నడవండి, తర్వాత మెల్లగా ఈదండి. ఎగిరి దూకడం మాత్రం ఇంకొన్నాళ్లు ఆగాలి."

ఆమె నమ్మలేనట్టు చూసింది. "మా అక్కకూ ఇదే కోత. ఆవిడ బతికున్నన్నాళ్లూ దిగలేదు. అప్పట్లో గాయాలు మానేవి కావా?"

"అప్పటి చర్మమూ ఇదే చర్మమమ్మా. ఆవిడ ఎందుకు దిగలేదో నాకు తెలియదు" అన్నాడు.

సాయంత్రం బావ వచ్చాడు. తనది పెద్ద కోతేనని ఆమె చెప్పింది. ఆయన మొహం పాలిపోయింది. నెలన్నరకు నీళ్లలోకి దిగొచ్చట అని కూడా చెప్పింది. ఆ మాటకు ఆయన మొహంలో వచ్చిన మార్పు ఆమెకు అర్థం కాలేదు. స్టూలు మీంచి లేచి, కిటికీ దాకా వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

"మీ అక్కను ఇంటికి పంపేటప్పుడు ఆ డాక్టరు, నీళ్లలోకి దిగొద్దమ్మా అన్నాడు. ఎన్నాళ్లో చెప్పలేదు. మేమూ అడగలేదు."

"తర్వాతైనా అడగాల్సింది కదా బావా?"

"నేను అడుగుతానంటే ఒప్పుకునేది కాదు. పెద్దవాళ్లు, వాళ్లకు తెలియదా, దిగొచ్చంటే వాళ్లే చెబుతారు అనేది." ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని వాటివైపే చూస్తూ చెప్పాడు. "చూపించుకోడానికి వెళ్లిన ప్రతిసారీ ఈత బట్టలు సంచీలో పెట్టుకునేది. ఈసారి చెబుతారేమో, చెబితే అట్నుంచి అటే నీ దగ్గరికి వచ్చేద్దామని. వాళ్లు రక్తం చూసేవాళ్లు, పొట్ట నొక్కేవాళ్లు, బాగుందమ్మా వెళ్లిరా అనేవాళ్లు. మళ్లీ ఆ సంచీ మోసుకుని ఇంటికి వచ్చేవాళ్లం."

చేపమ్మ ఇన్నేళ్లూ కత్తిని తిట్టుకుంది. అక్క కాళ్లాడిస్తూ కూర్చున్నది సత్తువ లేక కాదు, ఒక్క మాట కోసం. ఇప్పుడు కాదులే అన్నది విసుగుతో కాదు, తనకు చెప్పినదాన్ని చెప్పినట్టు పాటించి. అక్క మొదటినుంచీ అంతే. అమ్మ ఆగమంటే ఆగేది, టీచరు కూర్చోమంటే కూర్చునేది. తెలిసుంటే నీ కోసం నేనే గట్టెక్కి వచ్చేదాన్ని కదే, పక్కన కూర్చుని సంగతేమిటని అడిగేదాన్ని కదే అని ఆమె లోపల లోపల అక్కతో అనుకుంది. పక్క మంచంలో ఇస్త్రీ ఆవిడ, అన్నీ విని కూడా ఏమీ విననట్టు, గోడవైపు తిరిగి పడుకుంది. ఆవిడలో అంత మర్యాద ఉందని ఆ రోజే తెలిసింది.

నెలన్నరకు వెళ్తే ఇంకొంచెం ఆగమన్నారు. ఆ తర్వాత ఒకరోజు డాక్టరు గాయం మీద వేలితో నొక్కి చూసి, "దిగండమ్మా" అన్నాడు. ఒక్క మాట. బస్సులో కూర్చుని ఆమె ఆ మాటనే పదే పదే తలచుకుంది. ఇంత చిన్న మాట కోసం ఒక మనిషి ఏళ్ల తరబడి సంచీ మోసింది.

కొలనుకు వెళ్లేసరికి మధ్యాహ్నం. తలుపులు మూసి ఉన్నాయి. కావలి మనిషి ఆమెను చూసి ఏమీ అడగకుండా తీశాడు. క్లోరిన్ వాసన ముక్కుకు తగిలేసరికి కళ్లు చెమర్చాయి. మెట్ల మీదుగా దిగింది. మోకాళ్లు, నడుము, గాయం దాకా నీళ్లు వచ్చాయి. చల్లగా ఉంది, నొప్పి లేదు. ఛాతీ దాకా వచ్చాక కాసేపు నిలబడి, వెనక్కి వాలింది. నీళ్లు మోశాయి. చెవుల్లోకి నీళ్లు చేరి లోకం చప్పుడు తగ్గిపోయింది. అక్కా, దిగొచ్చటే అంది పైకే. పక్కన నీళ్లు ఖాళీగా కదిలాయి. సగమైనా వినే మనిషి లేదు. అయినా ఆమె మాట్లాడుతూనే ఉంది, ఆసుపత్రి సంగతులు, ఇస్త్రీ ఆవిడ పందేలు, బావ బిగించిన నట్లు. జవాబు రావాల్సిన చోట ఆగి, మళ్లీ చెప్పేది. కోరిక తీరితే చల్లారుతుందంటారు. ఆమెకు అలా జరగలేదు. నీళ్లు దొరికాక అక్క లేని లోటు ఇంకా పెద్దదైంది.

ఆ తర్వాత ఏడాదికి ఒకటి రెండుసార్లు పరీక్షకు వెళ్లేది. రబ్బరు బూట్ల నర్సు ఏమేం అడగాలో అడిగి, చివర్లో ఇంకేమైనా ఉందా అనేది. మీరు వద్దన్నవన్నీ ఎన్నాళ్లు వద్దో చెప్పి పంపండి, మాలాంటివాళ్లు అడగం అని చేపమ్మ ఒకసారి అంది. నర్సు నవ్వలేదు. ఆ తర్వాత వార్డులో ఇంటికెళ్లేవాళ్లకు ఆ నర్సు చెప్పడం వరండాలోంచి చేపమ్మ చెవిన పడింది. బరువులు ఎప్పటినుంచి ఎత్తొచ్చు, సైకిలు ఎప్పుడు తొక్కొచ్చు, పిల్లల్ని ఎప్పుడు ఎత్తుకోవచ్చు అని.

అయిదేళ్లు నిండాక డాక్టరు, ఇంక మీరు రానక్కర్లేదు అన్నాడు. పరీక్ష ఏం తేల్చిందని ఆమె అడిగింది. బతకడంలో రెండు పద్ధతులకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదని, కన్నాల్లో జబ్బు మొలుస్తుందన్న భయం నిజం కాలేదని, చిన్న కోతవాళ్లు నొప్పి తక్కువతో కాస్త ముందు ఇంటికెళ్లారని, ఇప్పుడు చాలామందికి అదే చేస్తున్నామని చెప్పాడు. మీ లెక్క కూడా అందులో ఉంది, మీరు పెద్ద కోత పడినా చివరిదాకా నిలబడబట్టే పోల్చి చూడగలిగాం అన్నాడు. ఆమెకు గర్వం కలిగింది, దాని వెంటే దిగులూ కలిగింది. ఇలాంటి కబురు తెచ్చినప్పుడు ముందుగా చెప్పుకోడానికి అక్క ఒక్కతే ఉండేది.

ఆసుపత్రి నుంచి తిన్నగా బావ దుకాణానికి వెళ్లింది. ఆయన ఒక పాత మిషను బోల్తా కొట్టించి దాని కడుపులో నూనె వేస్తున్నాడు. చెప్పింది విని, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు.

"మీ అక్కకు కూడా ఎవరో ఒకరు దిగొచ్చన్న ఆ మాట చెప్పి ఉంటే, దిగి నీకంటే ముందు అవతలి గట్టుకు చేరేది."

"ముందేం కాదు. నేనే ముందుండేదాన్ని."

"నీ మొహం. నువ్వు నీళ్లు చిమ్మేదానివి. అది ఈదేది."

"నీళ్లంటే పారిపోయేవాడివి, నీకేం తెలుసు బావా?"

"గట్టు మీద నిలబడి చూసేవాణ్ణిగా. గట్టు మీంచే బాగా తెలుస్తుంది."

ఆమె ఒప్పుకోలేదు. అక్క పెళ్లయిన కొత్తలో ఒకసారి పందెం పెట్టుకుంటే, నాన్న ఈల ఊదకముందే అక్క బయల్దేరిందని, అది దొంగాట అని గుర్తుచేసింది. ఆ రోజు అంతా ఎండ, నీ కళ్లు చెదిరాయి అన్నాడాయన. మిషను తీసుకెళ్లడానికి వచ్చిన దర్జీ గుమ్మంలో నిలబడి, లేని మనిషి గురించి ఈ ఇద్దరూ ఇంత పంతంగా ఎందుకు వాదించుకుంటున్నారో తెలియక, ఇద్దరి మొహాలూ చూస్తూ ఉండిపోయాడు.